చూడ్డానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు

ప్రశ్న: మా ఆయనకు 56 ఏళ్లు. కిరాణా కొట్టు నడిపేవారు. ఏడాదిన్నర కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట పడిపోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. మాట మాత్రం ఒకటీ అరా. మొదట్లో ఊరంతా వచ్చి చూశారు, ఇప్పుడు ఎవరూ రావడం లేదు. ఆరు నెలల్లో రానిది ఇక రాదంటున్నారు. ఒక్కదాన్నే చేసుకోలేకపోతున్నాను. సాయం అడగాలంటే నామోషీగా ఉంది.
- ఒక సోదరి, తెనాలి దగ్గరి పల్లె

జవాబు: ఏడాదిన్నరగా మీరు చేస్తున్నది ఒక్క మనిషి చేసే పని కాదమ్మా. అలసిపోవడంలో మీ తప్పేమీ లేదు.

మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుందన్నది నిజమే. తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. సాధన మానకపోతే మాట ఏళ్ల తర్వాత కూడా మెరుగుపడవచ్చు.

జనం మనసు లేక మానేశారని నేను అనుకోను. మాట పెగలని మనిషి ఎదుట ఏం చెయ్యాలో తెలియక చాలామంది మానేస్తారు. ఆయనకు మాటలు దొరకడం కష్టమైందే గానీ తెలివి పోలేదని వాళ్లకు మీరే చెప్పాలి. టీవీ కట్టేసి, ఒక్కొక్కరే మాట్లాడమనండి. 'కాఫీయా, టీయా' లాంటి చిన్న ప్రశ్న వేసి ఆయన బదులిచ్చేదాకా ఆగమనండి. చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాత్రం వద్దు.

'ఎవరైనా సాయం చెయ్యండి' అంటే అందరూ తలూపుతారు, ఎవరూ కదలరు. మనిషినీ పనినీ రోజునీ అనుకుని అడగండి. 'అన్నయ్యగారూ, మంగళవారం సాయంత్రం గంటసేపు ఈయన దగ్గర కూర్చుంటారా, బజారుకెళ్లొస్తాను' అంటే కాదనేవాళ్లు తక్కువ. పక్కింటి కుర్రాణ్ణి వీధి చివరిదాకా తోడు నడవమనండి. పడిపోయిన చెయ్యి పట్టి లాగొద్దని ముందే చెప్పండి, భుజం కీలు జారుతుంది.

మీ ఊరి గుళ్లో భజన జరుగుతుంటే ఆయన్ను తీసుకెళ్లమని నా కోరిక. మామూలు మాట రాని కొందరికి పాట, అంకెలు, కంఠతా వచ్చిన పద్యం గొంతు దాటి వస్తాయి. ముందు ఇంట్లో ఆయనకు బాగా తెలిసిన పాట అందుకుని చూడండి. నలుగురిలోకి వెళ్లడం మాత్రం ఆయన్ను అడిగాకే. సిగ్గుపడితే భజన వాళ్లలో ఇద్దర్ని ఇంటికి పిలవండి. గొంతు కలపకపోయినా ఫర్వాలేదు, మనుషుల మధ్య కూర్చోవడమే ఆయనకు ఇప్పుడు పెద్ద అవసరం.

వచ్చేవాళ్లు పావురం రక్తమనీ పసరు మందనీ తలా ఒకటి చెబుతారు. వాటి జోలికి పోవద్దు. బీపీ మాత్రలు, డాక్టరు రాసినవి ఏవీ ఆపొద్దు. ఆపితే మళ్లీ స్ట్రోక్ వచ్చే ముప్పు పెరుగుతుంది.

ఫిజియోథెరపీ దగ్గర మీలాంటి ఇల్లాళ్లు కనిపిస్తారు. వాళ్ల ఫోన్ నంబర్లు తీసుకోండి. ఏ టైలరు ఒంటిచేత్తో తొడుక్కునే చొక్కా కుడతాడో, బాత్‌రూంలో పట్టుకునే కడ్డీ ఎంత ఎత్తులో పెట్టించాలో వాళ్లు చెప్పినట్టు నేను చెప్పలేను.

పింఛను తీసుకోకపోతే మీ గ్రామ సచివాలయంలో అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు. దానికి సదరం సర్టిఫికెట్‌లో, అంటే ప్రభుత్వ డాక్టర్లు పరీక్షించి ఇచ్చే వైకల్య ధ్రువపత్రంలో, కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. 2016 చట్టం ప్రకారం పక్షవాతంతో శాశ్వతంగా మాట దెబ్బతినడమూ వైకల్యమే, పరీక్షప్పుడు ఆ సంగతీ చెప్పండి.

స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది. ఆయన తిండి మానేసినా, ఎవరి మొహమూ చూడనంటున్నా డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. టెన్షన్‌తో మీకు నిద్ర పట్టని రాత్రి మీ కోసం కూడా చెయ్యండి.