సెలవుల కొనుగోళ్లకు ఏ ఖాతా వాడాలి?

ప్రశ్న: కిందటి సెలవుల సీజన్‌లో ఒక ప్రకటన చూసి, కొత్త వెబ్‌సైటులో పిల్లలకు బహుమతులు ఆర్డర్ చేశాను. కార్డు చెల్లింపులు పనిచేయడం లేదని, బ్యాంకు ఖాతాకు నేరుగా పంపితే మరో 10 శాతం తగ్గిస్తామని చెబితే పంపేశాను. వస్తువులు రాలేదు, వెబ్‌సైటు మాయమైంది. ఈసారి ఆన్‌లైన్‌లో కొనడమే మానేయాలా? మా నాన్నగారు పింఛను జమయ్యే ఖాతా డెబిట్ కార్డుతోనే అన్నీ కొంటారు. ఆయన గురించి ఇంకా భయంగా ఉంది. – ఒక పాఠకురాలు

జవాబు: మానేయనవసరం లేదు. అయితే మీ ఉత్తరంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది నాన్నగారి పింఛను ఖాతా. నకిలీ వెబ్‌సైటును గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలని చాలామంది అనుకుంటారు. నేర్చుకోవాలి, నిజమే. కానీ పనులన్నీ ముగించుకుని, అర్ధరాత్రితో ఆఫర్ ముగుస్తుందన్న తొందరలో ఫోను చూస్తున్నప్పుడు ఎంత జాగ్రత్తపరులైనా పొరబడతారు. పొరబడిన రోజున ఎంత పోతుంది, పోయినది తిరిగి వచ్చే దారి ఉందా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఖాతా నుంచి నేరుగా పంపిన డబ్బు నగదు చేతికిచ్చినట్టే. మీరే అనుమతించి పంపారు కాబట్టి వెనక్కి రప్పించడం చాలా కష్టం. గిఫ్ట్ కార్డు నంబర్లు, క్రిప్టో రూపంలో అడిగితే ఇక ఆలోచించనే వద్దు. క్రెడిట్ కార్డుతో కట్టి, వస్తువు రాకపోతే బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు అమ్మినవారి నుంచి వెనక్కి ఇప్పించమని కోరవచ్చు. వీసా, మాస్టర్‌కార్డు వంటి పెద్ద కార్డు నెట్‌వర్కుల నిబంధనల్లో చాలా రకాల వివాదాలకు గడువు 120 రోజులు. మీ బ్యాంకు అంతకన్నా ముందే ఫిర్యాదు చేయమనవచ్చు, కాబట్టి ఆలస్యం చేయకండి. డెబిట్ కార్డుకూ చార్జ్‌బ్యాక్ ఉంటుంది కానీ, వివాదం తేలేదాకా ఖాతాలో తగ్గి ఉండేది మీ సొంత డబ్బు. ఒక్క షరతు: బిల్లు మొత్తం గడువులోగా కట్టగలిగేవారే క్రెడిట్ కార్డు వాడాలి. లేదంటే మోసగాడి బదులు వడ్డీ ఆ డబ్బు తినేస్తుంది.

మీకు ఇస్తామన్న ఆ 10 శాతం, ఈ రక్షణను మీచేత వదిలించడానికి వేసిన ఎర. ఇకపై ఎవరైనా కార్డు వద్దని వేరే దారిలో పంపమంటే, బేరం ఎంత బాగున్నా అక్కడితో ఆపేయండి.

క్రెడిట్ కార్డు ఇష్టం లేకపోతే కొనుగోళ్ల కోసమే ఒక ఖాతా తెరవండి. సీజన్ మొత్తానికి ఎంత ఖర్చు పెట్టాలో ముందే నిర్ణయించి, అంతే అందులో వేయండి. షాపింగ్ యాప్‌లలో ఆ ఖాతా కార్డు తప్ప మరేదీ ఉండకూడదు. జీతం, పింఛను, పొదుపు ఖాతాల కార్డులకు ఆన్‌లైన్ వాడకాన్ని నిలిపివేయండి. చాలా బ్యాంకుల యాప్‌లలో ఈ సదుపాయం ఉంటుంది, లేకపోతే బ్యాంకునే అడగండి. దీనివల్ల బడ్జెట్ కూడా అదుపులో ఉంటుంది. నిజం చెప్పాలంటే, సెలవుల నెలలో చాలా కుటుంబాలకు ఎక్కువ నష్టం అక్కడే జరుగుతుంది.

ఇక వెబ్‌సైటుల సంగతి. అడ్రసు పక్కన తాళం గుర్తు ఉంటే నమ్మవచ్చన్న మాట ఇంకా వింటున్నాను. మీకూ ఆ సైటుకూ మధ్య సాగే సమాచారాన్ని మూడోవాళ్లు చదవలేరని మాత్రమే ఆ గుర్తుకు అర్థం. అవతల కూర్చున్నది దొంగ కాదని అది చెప్పదు. దానికి కావలసిన సర్టిఫికెట్ ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. జనం అపార్థం చేసుకుంటున్నారనే గూగుల్ 2023లో క్రోమ్ బ్రౌజర్ నుంచి ఆ తాళాన్ని తొలగించి, వేరే గుర్తు పెట్టింది. చూడవలసింది అడ్రసునే. మొదట్లో ఉండే ‘https://’ని వదిలేస్తే, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందున్న చివరి రెండు ముక్కలు, కొన్ని దేశాల అడ్రసుల్లో మూడు, అసలు యజమానిని చెబుతాయి. పేరున్న దుకాణం పేరు ముందుండి, దాని తర్వాత ‘డాట్ సెలవులసేల్ డాట్ కామ్’ అని ఉంటే, ఆ సైటు ‘సెలవులసేల్’ వాళ్లదే. ముందున్న పేరు కేవలం ముసుగు.

ఈ రోజుల్లో పార్సిల్ కోసం ఎదురుచూడని ఇల్లు ఉండదు. అందుకే ‘చిరునామా సరిగా లేదు, మళ్లీ పంపడానికి స్వల్ప రుసుము కట్టండి’ అనే సందేశం ఎవరికి పంపినా తగులుతుంది. దాన్ని పంపే మోసగాళ్లకు ఆ రుసుము లెక్కలోది కాదు, కార్డు నంబరు, ఓటీపీ కావాలి. కాబట్టి ఓటీపీ సందేశంలో అంకెలొక్కటే చూడకుండా మొత్తం చదవండి. చాలాసార్లు ఎవరికి, ఎంత అనేది అందులోనే ఉంటుంది. రుసుము చిన్నదై ఓటీపీలో పెద్ద మొత్తం కనిపించినా, మీ కార్డును మరో ఫోనులోని వాలెట్‌కు చేరుస్తున్నట్టు రాసి ఉన్నా, ఆ అంకెలు ఎక్కడా టైపు చేయకండి. వెంటనే కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోను చేసి కార్డు నిలిపివేయించండి.

కిందటి ఏడాది పోయిన డబ్బు గురించి: బ్యాంకులో, పోలీసుల సైబర్ విభాగంలో ఫిర్యాదు చేయకపోయి ఉంటే ఇప్పుడైనా చేయండి. కానీ ఆశ తక్కువే పెట్టుకోండి. ఒకసారి మోసపోయిన వారి వివరాలు చేతులు మారుతుంటాయి. ‘మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ముందుగా కొంత ఫీజు కట్టండి’ అంటూ ఎవరైనా మీకు ఫోను చేయవచ్చు. అది రెండో మోసం.

నాన్నగారిని భయపెట్టకండి. భయపెడితే ఏదైనా జరిగినప్పుడు మీకు చెప్పడమే మానేస్తారు. పక్కన కూర్చుని పాత కార్డును యాప్‌ల నుంచి తీసేసి, కొత్త ఖాతా కార్డు పెట్టండి. ఆర్డర్ గురించి ఎవరు ఫోను చేసినా పెట్టేసి, తానే యాప్ తెరిచి చూసుకోవాలని ఒప్పందం చేసుకోండి. సహాయ కేంద్రం నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకవద్దని చెప్పండి. అక్కడ నకిలీ నంబర్లు చాలా ఉంటాయి. యాప్‌లోనే సహాయం విభాగం ఎక్కడుందో ఆయన చేతనే ఒకసారి నొక్కించండి. రీఫండ్ పేరుతో పిన్ అడిగినా, స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నా అది మోసమే. ఎవరైనా పంపిన డబ్బు మన ఖాతాలో పడటానికి పిన్ అవసరం లేదు. కార్డు మార్చే ఈ పనిని ఆఫర్లు మొదలవకముందే, ఈ వారంలోనే పూర్తి చేసుకోండి.