గొప్ప వెస్టర్న్ ఏదని వాదించబోయే మా చిన్నాకి

చిన్నా,

నీ మెసేజ్ చదివాను. రూమ్‌లో నలుగురూ కూర్చుని రాత్రి రెండింటి దాకా ఏ కౌబాయ్ సినిమా గొప్పది అని గొంతులు పోయేలా అరుచుకున్నారట, ఒకడేమో రేటింగ్ నంబర్లు చదివాడట, ఇంకోడు ఆస్కార్‌లు లెక్కపెట్టాడట, నువ్వేమో ఫోన్‌లో మోరికోనే మ్యూజిక్ పెట్టి లియోనే తీసిన గుడ్ బ్యాడ్ అగ్లీ తర్వాతే ఏదైనా అన్నావట. వాదించుకోండి రా, నాకు చాలా సంతోషం, ఈ వయసులో వాదించుకోకపోతే ఎప్పుడు వాదించుకుంటారు. కాకపోతే నువ్వు రాసిందంతా రెండుసార్లు చదివితే నాకు కనపడిందేంటంటే మీ నలుగురిలో ఒక్కడు కూడా ఒక్క సీన్ గురించి మాట్లాడలేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు ఆ ఆస్కార్‌ల లెక్క వదిలెయ్. 1956లో జాన్ ఫోర్డ్ తీసిన ది సెర్చర్స్‌కి ఒక్క ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు, గెలవడం సంగతి తర్వాత. అదే సినిమాని 2008లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు వెస్టర్న్‌లన్నిట్లో మొదటి స్థానంలో పెట్టారు. 1990లో వచ్చిన డాన్సెస్ విత్ వుల్వ్స్‌కి ఏడు ఆస్కార్‌లు వచ్చాయి, మంచి సినిమానే, కానీ ఈ వాదనలో దాని పేరు ముందుగా ఎత్తేవాళ్ళు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు చెప్పు. అవార్డు ఆ ఏడాది హాలీవుడ్ మూడ్ ఏంటో చెప్తుంది, అంతవరకే. లిస్టులు కూడా అంతే, నేనిప్పుడు చెప్పిన ఆ లిస్టుతో సహా. లిస్టు చూపించి నోరు మూయించొచ్చేమో గానీ ఎదుటివాడి చేత ఒప్పించలేవు.

ఇంకోటి, నీకు నచ్చిన సినిమా వేరు, నువ్వు గొప్పదని నిలబెట్టే సినిమా వేరు. నాకు ఎప్పుడు చూసినా హాయిగా ఉండేది రియో బ్రావో, ఎన్నిసార్లైనా చూస్తా, కానీ గొప్పది ఏదంటే దాని పేరు చెప్పను. ఈ తేడా వాదన మొదట్లోనే ఒప్పుకుంటే సగం గొడవ అక్కడే పోతుంది. మెకన్నాస్ గోల్డ్ తీసుకో, అమెరికాలో ఆడలేదు, మన దేశంలో మాత్రం ఊళ్ళకి ఊళ్ళు చూశాయి, మీ నాన్నకి ఇప్పటికీ అదే ప్రాణం. ఆయనతో వాదించకు, ఆయన ఇష్టం గురించి చెప్తున్నాడు, అది ఆయన హక్కు.

ఇప్పుడు అసలు విషయం. ఈ వెస్టర్న్‌లు విడివిడిగా నిలబడే సినిమాలు కావు రా, ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటూ పోతాయి. ఇది పట్టుకోకపోతే ఎన్ని రాత్రులు వాదించినా గాలిలో కత్తి తిప్పినట్టే. ఎలాగో చెప్తా విను. 1952లో హై నూన్ వచ్చింది, ఫ్రెడ్ జిన్నెమన్ తీశాడు, గ్యారీ కూపర్ ఊరి మార్షల్, అంటే షెరీఫ్ లాంటివాడే, ఊరికి పోలీసు. మధ్యాహ్నం రైల్లో పాత శత్రువు వస్తున్నాడు, మార్షల్ ఊరంతా తిరిగి సాయం అడుగుతాడు, చర్చిలో అడుగుతాడు, సెలూన్‌లో, అంటే బార్‌లో అడుగుతాడు, ఎవడూ రాడు. సినిమా నడిచేది గంటన్నర లోపే, కథలో గడిచే టైమ్ కూడా దాదాపు అంతే, గోడ గడియారం మాటిమాటికీ చూపిస్తూ ఉంటాడు. అది రాసిన కార్ల్ ఫోర్‌మన్‌ని సరిగ్గా ఆ రోజుల్లోనే కమ్యూనిస్టు అనే అనుమానంతో పిలిచి విచారించారు, ఎవరూ పని ఇవ్వకూడదనే హాలీవుడ్ బ్లాక్‌లిస్టులో పడి ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. తెలిసినవాళ్ళంతా పక్కకి తప్పుకోవడం అంటే ఏంటో అతనికి ఆ సినిమా రాసేటప్పటికే తెలుసు, అది తెరమీద కనిపిస్తుంది. హీరో జాన్ వేన్‌కి, డైరెక్టర్ హోవర్డ్ హాక్స్‌కి ఆ సినిమా అస్సలు నచ్చలేదు, షెరీఫ్ అనేవాడు ఊళ్ళో వాళ్ళ దగ్గరికెళ్ళి బతిమాలడం ఏంటని. అందుకే 1959లో ఇద్దరూ కలిసి రియో బ్రావో తీశారు, అందులో షెరీఫ్ ఎవర్నీ అడగడు, ఒక తాగుబోతు, ఒక కుంటి ముసలాయన, ఒక కుర్రాడు, వీళ్ళతోనే నెట్టుకొస్తాడు. ఇప్పుడు చెప్పు, హై నూన్ చూడకుండా రియో బ్రావో గురించి వాదిస్తే సగం మాటే కదా విన్నట్టు.

అలాగే నీ లియోనే. జపాన్‌లో డైరెక్టర్ కురొసావాకి జాన్ ఫోర్డ్ అంటే భక్తి, అది ఆయన సినిమాల్లో తెలుస్తుంది. ఆ కురొసావా 1961లో యొజింబో తీస్తే ఇటలీ నుంచి సెర్జియో లియోనే దాన్నే 1964లో ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్‌గా తీశాడు, హక్కులు కొనకుండా తీశాడు కాబట్టి కేసు కూడా అయింది, డబ్బిచ్చి సెటిల్ చేసుకోవాల్సి వచ్చింది. అమెరికా నుంచి జపాన్‌కి, జపాన్ నుంచి ఇటలీకి, షూటింగేమో స్పెయిన్‌లో అల్మెరియా ఎడారిలో. అక్కణ్ణుంచి మన దగ్గరికి కూడా వచ్చింది, 1971లో కృష్ణ గారి మోసగాళ్ళకు మోసగాడు, కె.ఎస్.ఆర్. దాస్ గారి డైరెక్షన్, ఆరుద్ర గారి రాత, రాజస్థాన్ ఇసుకలో గుర్రాలు. నీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా తెలుగోళ్ళకి వెస్టర్న్ గురించి ఏం తెలుసు అంటే ఇది చెప్పు, గర్వంగా చెప్పు, హిందీవాళ్ళ షోలే కంటే నాలుగేళ్ళు ముందు.

సరే, నేను దేని పక్షం అంటావా. ది సెర్చర్స్. ఎందుకో సీన్లతోనే చెప్తా, నువ్వు కూడా రేపు ఇలాగే చెప్పాలి.

అమెరికా సివిల్ వార్ అయిపోయిన మూడేళ్ళకి ఈథన్ అనేవాడు టెక్సస్‌లో అన్న ఇంటికి తిరిగొస్తాడు. జాన్ వేన్. వచ్చిన కాసేపట్లోనే ఒక సీన్ ఉంటుంది, వదిన మార్తా లోపలి గదిలో అతని కోటు చేతుల్లోకి తీసుకుని మెల్లగా నిమురుతుంది, ముందు గదిలో కెప్టెన్ క్లేటన్ నిలబడి కాఫీ తాగుతుంటాడు, అతనికి కనపడుతుంది, కానీ చూడనట్టు ఎదురుగా చూస్తూ ఉండిపోతాడు. ఒక్క డైలాగ్ లేదు. వాళ్ళిద్దరి మధ్య ఎప్పటి నుంచో ఏదో ఉందని, అది ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదని, ఊళ్ళో పెద్దమనిషికి కూడా తెలుసని మొత్తం ఆ కాస్త చోట్లో చెప్పేశాడు ఫోర్డ్. తర్వాత కొమాంచీలు, అంటే అక్కడి నేటివ్ అమెరికన్ తెగవాళ్ళు, ఆ ఇంటి మీద పడతారు, చిన్నపిల్ల డెబ్బీని ఎత్తుకుపోతారు, ఈథన్ ఏళ్ళ తరబడి వెతుకుతాడు. ఇక్కడిదాకా మామూలు హీరో కథే. కానీ పోను పోను మనకి అర్థమయ్యేది ఏంటంటే వీడు పిల్లని కాపాడ్డానికి వెతకట్లేదు, చంపడానికి వెతుకుతున్నాడు, కొమాంచీల మధ్య పెరిగింది కాబట్టి ఇక అది మన పిల్ల కాదు అని. చచ్చిపోయిన కొమాంచీ కళ్ళని తుపాకీతో కాలుస్తాడు, ఆ ఆత్మకి దారి కనపడకూడదని, అంత ద్వేషం. అమెరికాలో అందరికీ హీరో అయిన మనిషిని తీసుకొచ్చి ఆయన మొహం మీదే ఆ ద్వేషాన్ని చూపించాడు, 1956లో. చివర్లో డెబ్బీ దొరికినప్పుడు పైకెత్తుతాడు చూడు, సినిమా మొదట్లో చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఎత్తినట్టే ఎత్తుతాడు, అక్కడ అతనిలో ఏం మారిందో నోటితో చెప్పడు. అందరూ ఇంట్లోకి వెళ్ళిపోతారు, అతను గుమ్మం బయటే ఉండిపోతాడు, కుడి మోచేతిని ఎడమ చేత్తో పట్టుకుని. ఆ పట్టుకోవడం పాత మూకీ సినిమాల హీరో హ్యారీ కేరీది, ఆ ఇంట్లోకి వెళ్ళిన వాళ్ళలో ఒకావిడ ఆయన భార్య ఆలివ్ కేరీయే. తలుపు మూసుకుంటుంది.

ఇప్పుడు జాగ్రత్తగా విను, వాదనలో నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. నీ సినిమాలో తప్పులు నువ్వే ముందు చెప్పు. సెర్చర్స్‌లో లుక్ అనే కొమాంచీ అమ్మాయిని పెట్టి కామెడీ చేశారు, ఈథన్‌తో పాటు వెతికే మార్టిన్ ఆమెని కాలితో తన్ని దొర్లిస్తే మనం నవ్వాలట, నాకు చూడబుద్ధి కాదు, ఎప్పుడూ కాలేదు. కొమాంచీ నాయకుడు స్కార్‌గా వేసింది హెన్రీ బ్రాండన్ అని జర్మనీలో పుట్టిన తెల్లాయన. చుట్టూ ఉన్న కొమాంచీలుగా వేసింది మాన్యుమెంట్ వ్యాలీలో ఉండే నవాహోలు, వేరే తెగవాళ్ళు. అసలు టెక్సస్ కథని ఆరిజోనా యూటా బోర్డర్‌లో ఉన్న ఆ ఎర్ర కొండల మధ్య తీశాడు. ఇవన్నీ ఎదుటివాడు తవ్వి తీసేదాకా ఆగకు. ఎవరైనా ఈ వెస్టర్న్‌లన్నీ నేటివ్ అమెరికన్ల భూమి లాక్కుని వాళ్ళనే విలన్లుగా చూపించిన సినిమాలు కదా అంటే, అవి పాత రోజులు అని కొట్టిపారెయ్యకు, వాడు అన్నది నిజం, ఈ జాన్రాలో చాలా సినిమాలకి ఆ మచ్చ ఉంది. నా వాదన ఏంటంటే ఫోర్డ్ సినిమా ఆ మచ్చ మోస్తూనే ఆ ద్వేషం ఎక్కణ్ణుంచి వస్తుందో చూపించింది, అందుకే అది పెద్దది. నువ్వు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే ఎక్కడ ఒప్పుకోవో చెప్పు.

నీ గుడ్ బ్యాడ్ అగ్లీ దగ్గరికి వద్దాం. దాన్ని నిలబెట్టాలంటే మ్యూజిక్ పెడితే చాలదు, నీ ఫ్రెండ్స్ ఆ మ్యూజిక్ పెళ్ళి వీడియోల్లో కూడా విన్నారు. చివరి శ్మశానం సీన్ తీసుకో, ముగ్గురు నిలబడి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం తప్ప ఏమీ జరగని నిమిషాలు, దూరం షాట్ నుంచి కళ్ళ దాకా ఎలా దగ్గరికొస్తాడో, కట్ ఎక్కడ స్పీడ్ అవుతుందో సౌండ్ తీసేసి ఒకసారి చూడు, తర్వాత సౌండ్‌తో చూడు. ఆ శ్మశానం బుర్గోస్ దగ్గర స్పెయిన్ సైనికుల చేత కట్టించిన సెట్, ఏళ్ళ తరవాత అభిమానులు వెళ్ళి మట్టి తవ్వి మళ్ళీ బయటికి తీశారు. వంతెన పేల్చే సీన్ చుట్టూ ఉన్న యుద్ధం భాగం కూడా చెప్పు, బంగారం కోసం తిరిగే దొంగలకంటే ఆ యుద్ధమే ఎక్కువ పిచ్చిగా కనిపిస్తుంది, అది లియోనే కావాలని పెట్టింది. అయినా నన్నడిగితే లియోనేలో గొప్పది అది కాదు, 1968లో తీసిన వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్. ఫోర్డ్ సినిమాల్లో మంచివాడిగా వేసిన హెన్రీ ఫోండాని తీసుకొచ్చి చిన్నపిల్లాడిని కాల్చే విలన్ చేశాడు, ఆ నీలం కళ్ళు దగ్గరగా చూపించి మరీ. ఇది కూడా ఫోర్డ్‌కి జవాబే చూశావా. మొదట్లో స్టేషన్‌లో ముగ్గురు రైలు కోసం కాచుకునే సీన్‌లో మ్యూజిక్కే లేదు, కిర్రుమనే గాలిమర, టోపీ మీద పడే నీటి చుక్క, మొహం మీద వాలే ఈగ, అంతే. మోరికోనే మ్యూజిక్ మాత్రం షూటింగ్‌కి ముందే రికార్డు చేసి సెట్‌లో వినిపిస్తూ తీశారు మిగతాదంతా.

పెకిన్‌పా తీసిన వైల్డ్ బంచ్, ఆల్ట్‌మన్ తీసిన మెకేబ్ అండ్ మిసెస్ మిల్లర్, ఇవి ఎవరైనా ఎత్తితే మర్యాదగా విను, వాడు బాగా చూసినవాడు. షేన్ సినిమా గురించి నాకు అంత పట్టింపు లేదు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది ఒక్కటే, 1992లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తానే నటించి తీసిన అన్‌ఫర్గివెన్. స్క్రిప్టు చేతికి వచ్చాక ఆ పాత్రకి తగ్గ వయసు వచ్చేదాకా ఆగి తీశాడు. గుర్రం ఎక్కలేడు, పిస్టల్‌తో డబ్బా కొట్టలేడు, పందుల పెంపకంలో బురదలో పడుతుంటాడు, ఒకప్పుడు లియోనే సినిమాల్లో కన్ను ఆర్పకుండా కాల్చిన మనిషేనా ఇతను అనిపిస్తుంది. అందులో ఒక కుర్రాడు పెద్ద హంతకుడినని కబుర్లు చెప్పి మొదటిసారి మనిషిని చంపాక చెట్టు కింద కూర్చుని ఏడుస్తాడు, ఆ సీన్ చూశాక మిగతా వెస్టర్న్‌లలో పడిపోయిన శవాలన్నీ ఒక్కసారి గుర్తొస్తాయి. సినిమా చివర్లో సెర్జియోకి, డాన్‌కి అంకితం అని వేశాడు, తన ఇద్దరు గురువులకి, లియోనేకి, డాన్ సీగెల్‌కి. సెర్చర్స్‌ని ఎవరైనా పడగొట్టాలంటే దీంతోనే పడగొట్టాలి, నా మీద వాదించాలంటే నువ్వు కూడా ఇదే ఎత్తుకో.

కొన్ని చిన్న మాటలు. ఎదుటివాడి సినిమా మొత్తం చూడకుండా దాని మీద నోరు తెరవకు, క్లిప్‌లు చూసి అస్సలు వద్దు. ఏ వెర్షన్ చూశారో కనుక్కో, లియోనే సినిమాలు అమెరికాలో కోసేశారు, పొట్టి కాపీ చూసినవాడు అర్థం కాలేదంటే వాడి తప్పు కాదు. ఫోన్‌లో చూడకండి రా బాబూ, సెర్చర్స్‌లో ఆ కొండలు, ఆ ఆకాశం అరచేతిలో పట్టవు, టీవీ అయినా పెట్టుకోండి. ఎవడైనా బోర్ అన్నాడంటే కోప్పడకు, ఎక్కడ బోర్ కొట్టిందో అడుగు, నాకు చాలాసార్లు ఆ జవాబులోనే కొత్త విషయం దొరికింది. గట్టిగా మాట్లాడేవాడు కాదు, సీన్ గుర్తుపెట్టుకున్నవాడు చెప్పేది విను.

వరసగా చూడమంటే, 1939 స్టేజ్‌కోచ్‌తో మొదలెట్టు, తర్వాత హై నూన్, సెర్చర్స్, రియో బ్రావో, మధ్యలో యొజింబో, ఆపైన లియోనేవి రెండూ, వైల్డ్ బంచ్, చివరికి అన్‌ఫర్గివెన్. వారానికి ఒకటి చాలు, నలుగురూ కలిసే చూడండి, చూసిన రాత్రే వాదించుకోకుండా మర్నాడు వాదించుకోండి. సంక్రాంతికి ఇంటికి వచ్చేసరికి అన్నీ అయిపోతాయి, అప్పుడు నా ముందు కూర్చుని అన్‌ఫర్గివెన్ ఎందుకు సెర్చర్స్ కంటే పెద్దదో చెప్పు, నేను వింటా, ఊరికే ఒప్పుకోను.

పెదనాన్న