ఏసీబీకి పట్టిస్తే మన పని ఆగిపోతుందా?

తాతగారి పొలం నాన్నగారి పేరు మీదకి మార్చడానికి 15 వేలు అడుగుతున్నారని రాశారు. ఏసీబీకి (అవినీతి నిరోధక శాఖకి) చెప్తే పని ఆగిపోతుందా, పట్టించడానికి పెట్టిన డబ్బు పోతుందా, ఇస్తే మన మీద కూడా కేసు పడుతుందా అన్నవి మీ ప్రశ్నలు. మాది శ్రీకాకుళం జిల్లా. 2019లో సరిగ్గా ఇదే పని మీద లంచం అడిగిన ఉద్యోగి ఒకాయన్ని మా నాన్న పట్టించారు. మండలం పేరు, ఆయన పేరు రాయను. మా వైపు వాళ్లకి ఎలాగూ తెలుసు.

కేసు భయం సంగతి ముందు చూద్దాం. అవినీతి నిరోధక చట్టం 1988 నాటిది. 2018 జూలైలో దాన్ని సవరించాక లంచం ఇవ్వడం కూడా నేరమే, ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. అయితే తప్పనిసరై ఇచ్చి, ఇచ్చిన ఏడు రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో చెప్పుకుంటే మీ మీద నేరం ఉండదు. ఇవ్వకముందే చెప్పి, వాళ్లు చెప్పినట్టు ఇస్తే అసలు ఇబ్బందే లేదు. ఇచ్చేసి నెల తర్వాత పని కాలేదన్న కోపంతో వెళ్లేవాళ్లే ఇరుక్కుంటారు.

ఇక మా కథ. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా జీడితోట సగం పడిపోయింది. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు చూస్తే రికార్డులో ఇంకా మా తాత పేరే ఉంది. ఆయన పోయి అప్పటికే తొమ్మిదేళ్లు. నాన్న అప్పుడు మేలుకుని మ్యుటేషన్‌కి, అంటే రికార్డులో పేరు మార్పుకి, మీసేవలో పెట్టారు. ఆర్నెల్లు తిరిగారు. సర్వర్ లేదన్నారు, సంతకం కావాలన్నారు, చివరికి ఎనిమిది వేలన్నారు. నేను గాజువాకలో ఉద్యోగం. ఇచ్చేద్దాం నాన్నా, నేను పంపిస్తాను అన్నాను. నిజం చెప్తున్నాను, ఏసీబీ ఆలోచన నాది కాదు. జీడిపిక్కలు అమ్మిన డబ్బులోంచి ఎనిమిది వేలు తీసి ఆయనకిమ్మంటే మా నాన్నకి కడుపు మండింది, అంతే.

ఏసీబీ నంబరు 1064కి ఫోన్ చేశారు. రమ్మన్నారు, వెళ్లి కాగితం మీద రాసిచ్చారు. వాళ్లు వెంటనే నమ్మేయరు. ముందు ఆ పని నిజంగా ఆయన చేతిలో ఉందా, డబ్బు అడుగుతున్నాడా అని వాళ్ల పద్ధతిలో చూసుకుంటారు. అందుకే మీసేవ రసీదు చాలా పనికొచ్చింది. ఆయన దగ్గర మన పని పెండింగులో ఉందనడానికి అదే ఆధారం.

ట్రాప్ రోజు, అంటే డబ్బు తీసుకుంటుండగా పట్టుకునే రోజు, పొద్దున్నే వేరే శాఖల నుంచి ఇద్దరు ఉద్యోగులు వచ్చారు. వాళ్లనే మధ్యవర్తులు అంటారు. నాన్న ఫిర్యాదు చదివి, ఇది మీరు రాసిందేనా అని అడిగి సంతకాలు పెట్టారు. 16 ఐదొందల నోట్ల నంబర్లు ఒక్కొక్కటీ రాసుకున్నారు. ఒక కానిస్టేబుల్ ఆ నోట్లకి తెల్లటి పొడి రాశాడు, ఫినాల్ఫ్తలీన్ అంటారు. గ్లాసులో నీళ్లలా ఉన్న సోడియం కార్బొనేట్ ద్రావణంలో ఆ పొడి అంటిన వేళ్లు ముంచి చూపిస్తే గులాబీ రంగు తిరిగింది. "ఏటిరా, పసుపు నీళ్లలో సున్నం కలిపినట్టు అయిపోనాది" అని మా నాన్న ఆ గ్లాసు గురించి ఇప్పటికీ చెప్తారు.

జేబు ఖాళీ చేయించి నోట్లు వాళ్లే పెట్టారు. ఆయన అడిగేదాకా ముట్టుకోవద్దు, చేయి కలపొద్దు, తీసుకున్నాక బయటికొచ్చి మాకు గుర్తుగా తువ్వాలుతో మొహం తుడుచుకోండి అన్నారు. లోపల ఆయన ముందు "తెచ్చావా" అనే అడిగాడు. నాన్న జేబులో చేయి పెట్టగానే సొరుగు కొంచెం లాగి అందులో వెయ్యమన్నాడట. అప్పుడు మా నాన్న ఎవరూ నేర్పని మాట ఒకటన్నారు: "లెక్క చూసుకోండి బాబూ, తరవాత తక్కువన్నారంటే నా మీద పడిపోద్ది." ఆ మనిషి తీసి రెండు చేతులతో లెక్కపెట్టాడు. పది నిమిషాల తర్వాత రెండు చేతులు ముంచిన నీళ్లూ గులాబీ రంగే. ఆ నీళ్లని సీసాల్లో పోసి సీలు వేసి, చీటీల మీద మధ్యవర్తుల చేత సంతకాలు పెట్టించారు.

ఇదంతా ఒక్క పూటలో అయిపోయింది. మర్నాడు పేపర్లో కూడా వచ్చింది. అసలు కష్టం దాని తర్వాతే. మీరు నిర్ణయం తీసుకునేటప్పుడు లెక్కలోకి తీసుకోవాల్సింది ఇదే, దీన్ని ఎవరూ చెప్పరు.

మొదట బంధువులొచ్చారు. పట్టుబడినాయనకి మా మేనత్త వైపు ఏదో చుట్టరికం తేలింది. "ఆడపిల్ల పెళ్లి కుదిరిందంట బావా, కేసు వెనక్కి తీసేసుకోరాదా?" అని మావయ్య ఒకాయన మూడు పూటలు మా అరుగు మీదే కూర్చున్నాడు. వెనక్కి తీసుకోవడం మన చేతిలో లేదు, అది ప్రభుత్వం పెట్టిన కేసు. మన చేతిలో ఉండేది కోర్టులో మాట మార్చడమే, వచ్చినవాళ్లు అడిగేదీ అదే. ఏసీబీ వాళ్లు ముందే మేజిస్ట్రేట్ దగ్గర నాన్న వాంగ్మూలం ఇప్పించారు కాబట్టి అది కూడా తేలిక కాదు. అయినా నాన్న ఊగారు. "ఆళ్ల పిల్లలేటి సేసారు?" అని రాత్రుళ్లు అమ్మతో అనేవారట. ఊళ్లో మాకు 'ఏసీబీ ఇంటోళ్లు' అని పేరు పడిపోయింది.

ప్రభుత్వ ఉద్యోగి మీద కోర్టులో కేసు నడపాలంటే పై నుంచి అనుమతి రావాలి. చట్టంలో మూడు నెలలు, అవసరమైతే ఇంకో నెల అని రాశారు. తర్వాత కరోనా వచ్చింది. మా జిల్లా కేసులు నడిచేది విశాఖపట్నం ఏసీబీ కోర్టులో. ఈలోగా నాన్నకి 70 దాటాయి, గుండెకి స్టెంట్ వేశారు. సాక్ష్యం చెప్పకుండా నేను పోతే ఏటవుతాదిరా అని ఆయన టెన్షన్. సరిగ్గా 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఫిర్యాదుదారు చనిపోయినా, మాట మార్చినా, మిగతా సాక్ష్యాలతో లంచం అడిగాడని రుజువు చేయొచ్చని. అది చదివి వినిపిస్తే నాన్న ఆ పూట నిశ్చింతగా పడుకున్నారు.

2023లో పిలుపొచ్చింది. ఆమదాలవలసలో రైలెక్కి ఇద్దరం వెళ్లాం. అవతలి వకీలు చేబదులు తీర్చడానికే కదా ఆ డబ్బిచ్చావు అని తిప్పి తిప్పి అడిగాడు. "బాకీ నేనే ఉంటే నా కాగితం కోసం ఆర్నెల్లు ఎందుకు తిరుగుతాను బాబూ" అన్నారు నాన్న. శిక్ష పడింది. ఆ ఉద్యోగి హైకోర్టుకి అప్పీలు చేసుకున్నారు, అది ఇంకా నడుస్తోంది.

మీ ప్రశ్నలకి వస్తే, ఎనిమిది వేలు మాకు తిరిగొచ్చాయి. పని మూడు నెలలు ఆగింది. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం, అప్పట్లో స్పందన అనేవారు, కొత్తగా వచ్చినాయన చేసిపెట్టాడు. ఆ తర్వాత ఏ ఆఫీసుకెళ్లినా మమ్మల్ని పైసా అడిగినవాడు లేడు. కాకపోతే ప్రతి కాగితం రెండుసార్లు అడుగుతారు, ఒక్క జిరాక్సు తక్కువైనా వెనక్కి పంపేస్తారు. భయమో కోపమో మరి.

మీ ప్రశ్న కింద కామెంట్లలో ఒకరు లోక్‌పాల్‌కి రాయమన్నారు. అది కేంద్రం వైపు వాళ్ల కోసం. 2013లో చట్టం వస్తే 2019లో గానీ మొదటి ఛైర్మన్ రాలేదు. మీ మండలాఫీసు మనిషికి ఏసీబీయే. ఇంకొకరు చిన్న చేపల్నే పడతారన్నారు. కొంత నిజమే. డబ్బు తీసుకుంటుండగా పట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గానీ, పెద్ద అధికారి ఫైలు మీద రాసిన నిర్ణయాన్ని విచారించాలంటే అదే అవినీతి నిరోధక చట్టంలో 2018లో చేర్చిన 17ఏ సెక్షన్ కింద ముందు ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఆ తేడా నాకు నచ్చదు. కానీ మీ నాన్నగారిని అడిగింది ఆ చిన్న చేపే కదా.

ఎంతిమ్మంటారు అని మీరు ముందుగా నోరు జారకండి. అడగడం ఆయన నోటి నుంచే రావాలి, కోర్టులో కేసు నిలిచేది దాని మీదే. మీ ప్రశ్నలో అప్లికేషన్ నంబరు ఎక్కడా రాయలేదు. ఇంకా పెట్టకపోతే మీ ఊరి సచివాలయంలో ఇవాళే పెట్టి రసీదు ఫొటో తీసుకోండి, 1064కి ఫోన్ ఆ తర్వాత చేద్దురుగాని.