మొదటి సరుకు ఓడ ఎక్కక ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీవు తయారుచేసే పంపుల విడిభాగాలకు విదేశం నుంచి మొదటి ఆర్డరు వచ్చిందని, వచ్చే నెలలో సరుకు ఓడ ఎక్కుతుందని తమ్ముడు నిన్న ఫోనులో చెప్పాడు. ఆరుగురు పనివాళ్ళతో నడిచే షెడ్డు నుంచి సముద్రం దాటే సరుకు బయలుదేరడం ఎంత కష్టమో తెలిసినవాణ్ణి కాబట్టి, రాత్రి చాలాసేపు నిన్ను తలచుకుని గర్వపడుతూ మేలుకొనే ఉన్నాను. అయితే తమ్ముడు ఫోను పెట్టేసే ముందు మరొక మాట కూడా చెప్పాడు. “ప్రభుత్వ బీమా తీసుకున్నాను కదా నాన్నా, డబ్బు గురించి ఇక భయమేముంది” అని నీవు అన్నావట. ఆ మాట విన్నందువల్లనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

సులువైన సంగతులు ముందు చెప్పేస్తాను. నీ విడిభాగానికి సరైన హెచ్‌ఎస్ కోడ్ వేయించు, అంటే కస్టమ్స్ వాళ్ళు సరుకు రకాన్ని గుర్తుపట్టే అంకెల సంకేతం. అందులో మొదటి ఆరు అంకెలు దాదాపు ప్రపంచమంతటా ఒకటే కనుక, ఇక్కడ దొర్లిన తప్పు అవతలి రేవులో సుంకం దగ్గర బయటపడుతుంది. చెక్క పెట్టెలో పంపేటట్లయితే ఆ చెక్కను లోపలి భాగం వరకు 56 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసి 30 నిమిషాలు ఉంచారని తెలిపే ముద్ర దాని మీద కనిపించాలి. ముద్ర లేని పెట్టె వల్ల మంచి సరుకు కూడా రేవులో నిలిచిపోతుంది. లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద, అంటే కాగితాలు సరిగా ఉంటే డబ్బు ఇస్తానని కొనుగోలుదారు తరఫున బ్యాంకు రాసిచ్చే హామీ మీద, అమ్మే రోజు వస్తే, బ్యాంకు చూసేది నీ సరుకును కాదు, నీ కాగితాలను. ధర సీఐఎఫ్ అని, అంటే ఓడ కిరాయి, బీమా ధరలోనే కలిపి, ఒప్పుకున్నావు కాబట్టి సముద్ర బీమా నీవే తీసుకోవాలి. సరుకు తడిసినా, విరిగినా, పోయినా అది ఆదుకుంటుంది గాని, కొన్నవాడు డబ్బు ఇవ్వకపోతే ఆదుకోదు. సరుకుకు చేసే బీమా, బాకీకి చేసే బీమా రెండూ ఒకటే అనుకునేవాళ్ళను నేను చాలామందిని చూశాను.

ప్రభుత్వ సహాయం మీద నీవు పెట్టుకున్న ఆశలు తప్పు కావు, కాని ఆ సహాయం ఏ రూపంలో వస్తుందో తెలుసుకుని ఆశపడాలి. ఇంత ఎగుమతి చేస్తే ఇంత సొమ్ము అని నేరుగా ఇచ్చే సబ్సిడీలను, 1995 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం బాగా వెనుకబడిన దేశాలకు తప్ప మిగిలినవాళ్ళకు నిషేధించింది. అందువల్లనే ప్రభుత్వాలు మార్కెట్ సమాచారం ఇవ్వడం, అంతర్జాతీయ ప్రదర్శనల్లో స్టాలు ఖర్చు కొంత భరించడం, ముడిసరుకు మీద కట్టిన సుంకాన్ని వాపసు చేయడం, బ్యాంకు రుణానికి హామీగా నిలవడం, బాకీకి బీమా ఇవ్వడం వంటి దారుల్లో తోడ్పడతాయి. ప్రదర్శన ఖర్చు సాధారణంగా నీవు ముందు పెట్టుకుని, బిల్లులు చూపిన తరువాత రాబట్టుకునేదే. బయలుదేరక ముందే అనుమతి తీసుకోకపోతే చాలా పథకాల్లో ఆ బిల్లులు చెల్లవు. సుంకం వాపసు కూడా వచ్చినప్పుడు వచ్చినట్లు. ఆ సొమ్మును నమ్ముకుని జీతాల తారీఖు పెట్టుకోవద్దు.

రుణ హామీ విషయంలో ఒక్క హెచ్చరిక చేయాలి. నీకు బ్యాంకు ఇచ్చిన అప్పుకు ప్రభుత్వ సంస్థ హామీ పడిందంటే, నీవు కట్టలేని రోజున అది కాపాడేది బ్యాంకును. నీ అప్పు నీ మీదనే ఉంటుంది. కొన్నవాడు ఎగవేసినప్పుడు నిన్ను కాపాడేది ఎగుమతి రుణ బీమా. ప్రైవేటు బీమా కంపెనీలు మోయడానికి వెనుకాడిన ఈ నష్టభయాన్ని బ్రిటన్ ప్రభుత్వం 1919లోనే తలకెత్తుకుంది. భారతదేశంలో అటువంటి సంస్థ 1957లో ఏర్పడింది. నేను కూడా అలాంటి పాలసీనే నమ్ముకుని వ్యాపారం చేశాను. ఆ పాలసీ చేతిలో ఉండగానే మునిగాను.

ఈ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు, ఎందుకంటే నేనే చెప్పనివ్వలేదు. ఎగుమతి మొదలుపెట్టిన మూడో సంవత్సరం అది. ఒక కొనుగోలుదారు అప్పటికి రెండుసార్లు సరుకు తీసుకుని, తొంభై రోజుల గడువు లోపలే డబ్బు పంపాడు. మూడోసారి గడువు దాటింది. వారం తరువాత అతని దగ్గరి నుంచి ఎంతో మర్యాదగా ఒక ఉత్తరం వచ్చింది: అమ్మకాలు మందగించాయని, మరో అరవై రోజులు ఓపిక పట్టమని, ఈ లోగా వచ్చే సీజనుకు రెట్టింపు సరుకు పంపమని అందులో రాశాడు. ఎక్కడో ఉన్న పెద్ద వ్యాపారి నన్ను మిత్రమా అని సంబోధించాడని పొంగిపోయాను. ఆ రాత్రే ఒప్పుకుంటూ జవాబు రాశాను. రెట్టింపు సరుకూ పంపాను. బీమా సంస్థకు మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

ఎందుకు రాయలేదో అప్పట్లో నాకు నేను కూడా ఒప్పుకోలేదు. బాకీ పడిందని తెలిస్తే ఆ కొనుగోలుదారు బాకీకి ఎంత సొమ్ము వరకు బీమా ఇస్తారన్న పరిమితిని తగ్గిస్తారేమో, వీడికి వ్యాపారం చేతకాదని ఆ ఆఫీసులో అనుకుంటారేమో అని భయపడ్డాను. ఆ సీజను ముగియక ముందే అతను దివాలా తీశాడు. అప్పుడు క్లెయిమ్ కాగితాలన్నీ చంకన పెట్టుకుని వెళ్ళాను. అక్కడి అధికారిణి నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, నా పాలసీలోనే మూడు షరతులు చూపించింది. గడువు దాటిన బాకీని నిర్ణీత రోజుల్లో తెలియజేయాలి. సంస్థ అనుమతి లేకుండా కొనుగోలుదారుకు గడువు పెంచకూడదు. పాత బాకీ తీరక ముందు పంపిన కొత్త సరుకుకు బీమా వర్తించదు. మూడింటినీ నేను ఒక్క ఉత్తరంతో ఉల్లంఘించాను. “గడువు దాటిన వారంలో ఒక్క లేఖ రాసి ఉంటే ఆ మొదటి సరుకు డబ్బులో ఎక్కువ భాగం ఇప్పించగలిగేవాళ్ళం, రెండోది పంపవద్దని మేమే చెప్పేవాళ్ళం” అని ఆమె బాధగా అన్నది. ఆ సంస్థ మీద నాకు కోపం లేదు. అది ఇచ్చిన మాట మీద నిలబడింది. నా మాట మీద నేను నిలబడలేదు.

పెద్ద లేతు మెషీను అమ్మేశాను. నాతో పదేళ్ళు పనిచేసిన ఇద్దరిని పంపివేయవలసి వచ్చింది. వాళ్ళ లెక్క తేల్చిన సాయంత్రం నీవు షెడ్డుకు వచ్చి, ఖాళీ పెట్టె మీద కూర్చుని, మెషీను ఏదని అడిగావు. బాగుచేయడానికి పంపానని అబద్ధం చెప్పాను. నీకు అప్పుడు ఆరేళ్ళు. ఇప్పుడు నీవు బీమా ఉందని ధీమాగా అంటుంటే నాకు నిద్ర పట్టకపోవడానికి ఆ సాయంత్రమే కారణం.

అందుకని ఇది కోప్పడుతూనే చెబుతున్నాను. నీవు అరవై రోజుల అరువు మీద పంపుతున్నావట. ఆ కొనుగోలుదారు పేరు మీద బీమా సంస్థ ఎంత పరిమితి మంజూరు చేసిందో రాతపూర్వకంగా చేతికి వచ్చిందా? సరుకు ఓడ ఎక్కాక ఆ వివరం ఎన్ని రోజుల్లో వాళ్ళకు ప్రకటించాలో చదివావా? డబ్బు రాకపోతే ఎన్నో రోజున వాళ్ళకు తెలియజేయాలో పుస్తకంలో రాసుకున్నావా? సరుకు నాణ్యత బాగాలేదని కొనుగోలుదారు వివాదం లేవదీస్తే, అది తేలేవరకు క్లెయిమ్ కదలదు. కాబట్టి పెట్టెలు మూయక ముందు పరీక్ష నివేదికలు, ఫోటోలు తీసి దాచావా? నష్టంలో కొంత వాటా ఎలాగూ నీ మీదనే పడుతుంది, వందకు వంద ఎవరూ ఇవ్వరు. ఆ వాటాను తట్టుకునేంత పరిమాణమే పంపు, మొదటిసారికి అంతకు మించి ఆశపడవద్దు. కొనుగోలుదారు ఎంత మంచిగా గడువు అడిగినా, “మా బీమా సంస్థను అడిగి చెబుతాను” అని జవాబు ఇవ్వు. అలా అన్నంత మాత్రాన నిజమైన వ్యాపారి నొచ్చుకోడు, అమ్మా. నొచ్చుకున్నవాడు ఎవరో నీకు అప్పుడే తెలిసిపోతుంది.

నీ పనితనం మీద నాకు అనుమానం లేదు. నా చేతుల్లో ఎన్నడూ లేనంత నిక్కచ్చితనం నీ చేతుల్లో ఉంది. కాని చెడ్డ వార్తను నీలో నీవే దాచుకోవడం నీకు నా దగ్గరి నుంచే వచ్చింది; పరీక్షలో మార్కులు తగ్గినప్పుడు ఆ కాగితాన్ని పరుపు కింద పెట్టి, మూడు రోజులు అన్నం సరిగా తినకుండా తిరిగావు.

పాలసీ నకలు, మంజూరైన పరిమితి కాగితం ఈ వారంలోనే నాకు పంపు. కళ్ళజోడు మార్పించుకున్నాను, చిన్న అక్షరాలు కూడా ఇప్పుడు చదవగలుగుతున్నాను. షరతులు ఒక్కొక్కటే ఫోనులో కలిసి చదువుకుందాం. పెట్టెలకు మేకులు కొట్టే రోజు ఏదో చెబితే నేనే బయలుదేరి వస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న