అమ్మకు బాప్తిస్మం అందలేదు. ఆమె రక్షణ ఏమైనట్లు?

ప్రశ్న: మాది పుత్తూరు దగ్గర పల్లె. పెళ్లయ్యాక తిరుపతిలో ఉంటున్నాను. మా అమ్మ చాలా ఏళ్లుగా యేసు ప్రభువును నమ్ముకుంది. నాన్న ఒప్పుకోనందువల్ల బాప్తిస్మం తీసుకోలేదు. నాన్న పోయిన తరువాత తీసుకుందామనుకునేసరికి కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైంది. మెడ దగ్గర పెట్టిన గొట్టం తడవకూడదని డాక్టర్లు చెప్పారు. నీళ్లలో ముంచితేనే బాప్తిస్మమనీ, చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపే చిన్న ఆపరేషన్) వేసి గొట్టం తీసేశాక చూద్దామనీ మా సంఘ పెద్ద అన్నారు. నేనూ "తొందరేముందిలే అమ్మా" అన్నాను. ఇంతలో ఇన్ఫెక్షన్ సోకి అమ్మ చనిపోయింది. బాప్తిస్మం లేకుండా పోయింది కాబట్టి ఆమె రక్షణ పొందిందని చెప్పలేమని ఆ పెద్ద అంటున్నారు. "నీవల్లే అమ్మకు పరలోకం లేకుండా పోయింది" అంటూ తమ్ముడు నాతో మాట్లాడడం మానేశాడు. ఏడాది జ్ఞాపకార్థ కూడిక కూడా వద్దంటున్నాడు. పైగా నన్నైనా వెంటనే బాప్తిస్మం తీసుకోమని ఒత్తిడి చేస్తున్నాడు. మా ఆయన చర్చికి వెళ్లమంటారు గానీ బాప్తిస్మం వద్దంటారు. నేను ఎస్సీ సర్టిఫికెట్ మీద డీఎస్సీకి చదువుతున్నాను. ఎవరికీ చెప్పకుండా తీసుకోమని తమ్ముడి సలహా. రాత్రులు నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

సలహా: అమ్మా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. అమ్మ ఏమైందన్నది ఒకటి, మీరేం చేయాలన్నది మరొకటి. మొదటి ప్రశ్న పుట్టించిన భయంతో రెండో ప్రశ్నకు జవాబు వెతుక్కోవడం వల్లనే మీకు దారి కనిపించడం లేదు. కాబట్టి అమ్మ సంగతి ముందు చూద్దాం.

సంఘ పెద్ద గారు ఆధారం లేకుండా మాట్లాడారని నేను అనను. "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును" అని మార్కు సువార్త చివరి అధ్యాయంలో ఉంది. పెంతెకొస్తు దినాన పేతురు జనులతో మారుమనస్సు పొంది, పాపక్షమాపణ నిమిత్తం బాప్తిస్మం పొందమన్నాడు. ఈ మాటలను బట్టే క్రీస్తు సంఘాల (చర్చ్ ఆఫ్ క్రైస్ట్) వారు బాప్తిస్మం దగ్గరే పాపక్షమాపణ కలుగుతుందని బోధిస్తారు. రక్షణ విశ్వాసం ద్వారానే కలుగుతుందనీ, బాప్తిస్మం దానికి బహిరంగ సాక్ష్యమనీ బాప్టిస్టులు అంటారు. కతోలికులూ లూథరన్లూ దానిని దేవుడు కృపను అందించే సాధనంగా ఎంచుతారు. ఇన్ని వందల ఏళ్లుగా పండితులు తేల్చుకోని భేదాన్ని నేను ఇక్కడ తేల్చబోవడం లేదు. అయితే బాప్తిస్మాన్ని అత్యవసరమని గట్టిగా పట్టుకున్న సంఘాలు సైతం, దానిని కోరుకుని అందుకోలేకపోయిన విశ్వాసిని ఎలా చూశాయన్నది మీరు తెలుసుకోవాలి.

మార్కు సువార్తలోని ఆ వాక్యాన్నే చివరిదాకా చదవండి: "నమ్మని వానికి శిక్ష విధింపబడును." శిక్ష నమ్మనివానికి అని ఉంది గానీ, నమ్మి బాప్తిస్మం అందనివానికి అని లేదు. సిలువ మీద పక్కనే వేలాడిన నేరస్థుడు తనను జ్ఞాపకం చేసుకొమ్మని అడిగినప్పుడు, "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అని ప్రభువు జవాబిచ్చాడు. అతడు ఏ నీటిలోకీ దిగలేదు. అది బాప్తిస్మపు ఆజ్ఞకు ముందు జరిగిన సంగతి కదా అని మీ తమ్ముడు అడగవచ్చు, అడగవలసిన మాటే. అలా అడిగితే అపొస్తలుల కార్యములలో రోమా శతాధిపతి కొర్నేలి ఇంట జరిగినది చూపించండి. పేతురు ఇంకా బోధిస్తుండగానే, బాప్తిస్మానికి ముందే ఆ ఇంటివారి మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చాడు. దేవుడు అంగీకరించిన వీరికి నీళ్లను ఎవరు అడ్డగించగలరని పేతురు అడిగి, ఆ తరువాతే వారికి బాప్తిస్మం ఇవ్వమన్నాడు. ఆ అంగీకారం నీళ్ల కోసం ఆగలేదు. అయినా నీళ్లు అక్కర్లేదని పేతురు అనుకోలేదు. ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటీ విడిచిపెట్టకూడదని నా నమ్మకం.

మీ ఇంటి కథకు చాలా దగ్గరగా ఉన్న సంఘటన ఒకటి సంఘ చరిత్రలోనే ఉంది. రోమా చక్రవర్తి రెండవ వాలెంటీనియను మిలాను బిషప్ అంబ్రోసు చేత బాప్తిస్మం పొందాలని కబురు పంపాడు గానీ, అంబ్రోసు ఇంకా దారిలో ఉండగానే చక్రవర్తి 392లో చనిపోయాడు. అన్నకు బాప్తిస్మం అందలేదని అతని చెల్లెళ్లు కుమిలిపోతుంటే, అంబ్రోసు అంత్యక్రియల ప్రసంగంలో వారిని ఓదార్చాడు. కోరుకోవడం, అడగడం తప్ప మన చేతుల్లో ఇంకేముందనీ, అతడు అడిగాడు గనుక అడిగినది పొందాడనీ ఆయన చెప్పిన మాటల సారం. అంబ్రోసు బాప్తిస్మాన్ని తేలికగా చూసే మనిషి కాడు. కతోలిక సంఘం 1992లో వెలువరించిన సత్యోపదేశంలో కూడా, దేవుడు రక్షణను జ్ఞానస్నానంతో (బాప్తిస్మాన్ని వారు అలా అంటారు) ముడిపెట్టినా, తాను మాత్రం ఆ సంస్కారాలకు కట్టుబడి లేడన్న భావం ఉంది. జ్ఞానస్నానానికి సిద్ధపడుతూ మరణించినవారికి ఆ కోరికతో పాటు పశ్చాత్తాపమూ ప్రేమా ఉంటే రక్షణ నిశ్చయమని అది చెబుతుంది. బాప్తిస్మం అవసరమని విశ్వాస ప్రమాణంలో రాసుకున్న లూథరన్లలో కూడా, అది అందకపోవడం కాక దానిని తృణీకరించడమే మనిషిని శిక్షకు గురిచేస్తుందన్న బోధ ఉంది. మీ అమ్మ తృణీకరించలేదు. అడిగింది, ఎదురుచూసింది.

ముంచడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ముంచడమే బాప్తిస్మపు నిండు రూపమని నమ్మే సంఘాలను నేను గౌరవిస్తాను. కానీ అపొస్తలుల తరం ముగిసే కాలానికి చెందిన దిదాఖే అనే చిన్న ఉపదేశ గ్రంథం, పారే నీళ్లు మేలంటూనే, తగినన్ని నీళ్లు లేనప్పుడు తల మీద మూడుసార్లు పోయమంటుంది. మంచాన పడి ఉన్నవారికి నీళ్లు చల్లి ఇచ్చిన బాప్తిస్మం చెల్లుతుందా అని అడిగినవారికి, 3వ శతాబ్దంలోనే కార్తేజు బిషప్ సిప్రియను చెల్లుతుందని రాశాడు. మీ ప్రాంతంలో 1860ల నుంచి హెర్మన్స్‌బర్గ్ మిషనరీలు నాటిన లూథరన్ సంఘాల్లోనూ, చిత్తూరులో ఆర్కాటు మిషన్ నాటిన సంఘాల్లోనూ తల మీద నీళ్లు పోయడమో చల్లడమో మామూలే. మెడలో గొట్టంతో ఉన్న రోగికి ఆ దారి చూపించి ఉండవలసింది. చూపించకుండా వాయిదా వేసి, ఆ తరువాత ఆమె రక్షణనే సందేహించడం న్యాయం కాదని నేను ఖండితంగా చెబుతాను.

ఇక మీరన్న "తొందరేముందిలే" అన్న మాట. గొట్టం తడిస్తే క్రిములు నేరుగా రక్తంలోకి చేరే ప్రమాదం ఉంటుంది. ఆ భయంతోనే మీరు ఆపారు. అమ్మ ప్రాణాన్ని కాపాడుకోవాలన్న ఆరాటంతో అన్న ఆ మాటను దేవుడు అమ్మ మీద నేరంగా మోపుతాడని నమ్మవలసి వస్తే, సువార్తలో మనం ఎరిగిన తండ్రిని కాక మరెవరినో నమ్మినట్లవుతుంది. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" అని పౌలు ఎఫెసీయులకు రాశాడు. ఒకరి రక్షణ మరొకరి నోటిమాటతో ఊడిపోయేంత బలహీనమైనది కాదు.

మీ తమ్ముడితో వచనాల వాదానికి దిగకండి. అతని కోపం తల్లిని పోగొట్టుకున్న కొడుకు దుఃఖమే. అమ్మను పోగొట్టుకున్నది మీరిద్దరూ. ఇంటికి వెళ్లి, చివరి రోజుల్లో అమ్మ అతనితో ఏమేం మాట్లాడిందో, ఏమని ప్రార్థించిందో అడిగి, మధ్యలో అడ్డు రాకుండా వినండి. ఏడాది కూడిక మాత్రం మానవద్దు. ఆమె విశ్వాసంలో నిద్రించిందని ప్రార్థన చేయమని సంఘ పెద్ద గారిని ఇద్దరూ కలిసి అడగండి. ఆయనకు మనసొప్పకపోతే పోట్లాడకుండా వచ్చి, మరొక సంఘపు పాస్టరు గారిని పిలుచుకోండి.

మీ బాప్తిస్మం విషయానికొస్తే, అమ్మకు అందనిది మీరు పొంది ఆమె లోటు పూడ్చాలన్న ఆలోచన ఉంటే దానిని విడిచిపెట్టండి. ఒకరి బదులు మరొకరు తీసుకునేది కాదది. యేసే ప్రభువని మీరు మనసారా నమ్మితే, బాప్తిస్మం మీరు లోబడవలసిన ఆజ్ఞ, అమ్మ కథను సాకుగా చూపి దానిని ఏళ్ల తరబడి వాయిదా వేయకూడదు. ఆ నమ్మకం ఇంకా కుదరకపోతే, తమ్ముడి తొందర కోసం నీళ్లలోకి దిగవద్దు.

రహస్యంగా తీసుకోమన్న సలహాను నేను ఒప్పుకోను. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక వేరే మతాన్ని అవలంబించేవారిని ఎస్సీలుగా పరిగణించరు. బాప్తిస్మం పొంది క్రైస్తవురాలిగా జీవిస్తూ, ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకున్న ఒకరి వాదనను 2024 నవంబరులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మన రాష్ట్రంలో క్రైస్తవులుగా మారిన ఎస్సీలకు బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషనే ఉంది. ఈ నియమం దళిత క్రైస్తవులకు అన్యాయం చేస్తోందని నేనూ నమ్ముతాను. కానీ దాన్ని మార్చమని అడగడం వేరు, సత్యానికి సాక్ష్యంగా బాప్తిస్మం పొంది వెంటనే కాగితం మీద అబద్ధం రాయడం వేరు. మీ ఆయన భయం అర్థం లేనిది కాదు. ఆయనతో కూర్చుని, ఉద్యోగావకాశం పోతే ఇల్లు ఎలా గడుస్తుంది, పిల్లలుంటే వారి సర్టిఫికెట్లు ఏమవుతాయి అన్నవి మాట్లాడుకోండి. పిల్లల విషయం ఒక న్యాయవాదిని అడిగి తెలుసుకోండి. నమ్మని భర్త భార్యతో కాపురం చేయడానికి ఇష్టపడితే ఆమె అతన్ని విడిచిపెట్టకూడదని పౌలు కొరింథీయులకు రాశాడు కాబట్టి, ఈ నిర్ణయం మీ కాపురాన్ని చీల్చేదిగా మారవలసిన పని లేదు. ఆయనకు ముందే చెప్పి, అవసరమైతే కొంత సమయమిచ్చి, ఆ తరువాత మీ మనస్సాక్షి ప్రకారం నడుచుకోండి.

నిద్ర సంగతి మాత్రం ప్రార్థనకే వదిలేయకండి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా, ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులను కలవండి. వెళ్లడం కుదరని రోజున ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.