గుమస్తా సంగతి రాయి, తమ్ముడూ

నల్గొండ

తమ్ముడూ,

నీ కథ చదివిన. సాఫ్ట్‌వేర్ కోటీశ్వరుడు, ఇంటి కింద రహస్య గదులు, సొంత విమానంల గంజాయి పొగ, ఆఖరికి పోలీసులు. ముప్పై పేజీలల్ల ఇరవై పేజీలు పార్టీలే. రాసుడు నీకు వస్తది, అనుమానం లేదు. కని నాలుగో పార్టీకి నాకు ఆవులింతలొచ్చినయ్.

ఆ గదులు, ఆ పొగ యాడివో గుర్తువట్టిన. చిప్పులు తయారుచేసే బ్రాడ్‌కామ్ కంపెనీ పెట్టినోళ్లల్ల ఒకడైన హెన్రీ నికోలస్ మీద 2008 జూన్‌ల కాలిఫోర్నియాల వచ్చిన అభియోగాలవి. షేరు రేటు తక్కువున్న పాత తేదీలు వేసి స్టాక్ ఆప్షన్లు, అంటే ఆ తేదీ రేటుకే షేర్లు కొనుక్కునే హక్కులు, ఇచ్చిండని ఒక కేసు, మత్తుమందులది ఇంకో కేసు. విమానంల పొగకు పైలట్ ఆక్సిజన్ మాస్క్ పెట్టుకున్నడని అందుల రాసిండ్రు. లోకమంతా చదివింది. తర్వాతి సంగతి ఎవలు చదివిండ్రు? సర్కారు వకీలు సాక్షులను బెదిరించిండని కోపానికొచ్చి, 2009 డిసెంబర్‌ల జడ్జి స్టాక్ ఆప్షన్ల కేసు కొట్టేసిండు. మరుసటి నెల మత్తుమందుల కేసూ పోయింది. నువ్వు పేరైతే మార్చినవు గని, వకీళ్లు రాసిందాన్ని పక్కన నిలవడి చూసినట్టు రాసినవు. వాళ్ల కథ వాళ్లు ఎప్పుడో రాసుకున్నరు, నువ్వు నకలు చేసుడెందుకు?

అసలు అంత దూరం పోవుడే నాకర్థం కాలే. 2009 జనవరి 7న మన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం పెట్టిన రామలింగరాజు బోర్డుకు ఉత్తరం రాసిండు, లెక్కలల్ల చూపిన నగదు, బ్యాంకు నిల్వలల్ల 5,040 కోట్లు లేనే లేవని. అప్పుడు సుత జనం ఆయన భూముల మీద, భోగాల మీదనే పడ్డరు. పని జరిగిందేమో కంప్యూటర్ ముందల. దొంగ ఇన్‌వాయిస్‌లు 6,000 దాటినయని అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ చెప్పింది. అంటే ఎవరో ఒకాయన పొద్దుగాల టిఫిన్ డబ్బ పట్టుకొని ఆఫీసుకు పోయిండు. చెయ్యని పనికి బిల్లు కొట్టిండు. నంబరేసిండు, తేదీ వేసిండు. బిల్లుకు పైసలొచ్చినట్టు బ్యాంకు కాయితం కావాలె గద, అదీ పుట్టించిండ్రు. పక్క సీటాయనతోని చాయ్ తాగిండు. మాపటికి బస్సెక్కి ఇంటికొచ్చి పిల్లగానితోని ఎక్కాలు చదివించిండు. ఆ ఎక్కాల కాడ ఆగు, అక్కడ నీకు నాలుగు పేజీలున్నయ్.

2015 ఏప్రిల్‌ల హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుకు, ఇంకో తొమ్మిది మందికి ఏడేండ్ల శిక్ష వేసింది. మరుసటి నెలల బెయిల్ మీద బయటికొచ్చిండ్రు. ఇది రెండు వాక్యాలల్ల దాటియ్యొచ్చు. దాటియ్యరానిది ఇంకోటుంది. 2005ల 108 అంబులెన్స్ మొదలువెట్టించింది సుత ఆ మనిషే. నార్కట్‌పల్లి రోడ్డు మీద యాక్సిడెంటైతే ఇప్పటికీ మన చెయ్యి ఆ నంబర్ మీదికే పోతది. ఆ 2009 జనవరిలనే మన దిక్కు సత్యంల కొలువున్న పిల్లగాండ్లకు కుదిరిన సంబంధాలు ఆగినయ్. పిల్లనిచ్చేటోళ్లు ఫోనెత్తకుండ తప్పించుకున్నరు. ఈ రెండూ ఒకే మనిషి చేతులకెల్లి వచ్చినయ్. నీ కోటీశ్వరునికేమో తాగుడు తప్ప వేరే పనే లేదు. మంచితనం పూయుమంటలేను, పనియ్యుమంటున్న.

పద్నాలుగో పేజీల దేవరకొండ అకౌంటెంట్ రెండు పేరాలల్ల వచ్చి పోయిండు. కాలిక్యులేటర్ ముందల పెట్టుకొని వేళ్ల మీద లెక్కజేసే మనిషి. కథ మొత్తంల పానమున్నోడు ఆయనొక్కడే, ఆయన్నే ముందలికి తే. మార్కెట్ యార్డుల పాత గుమస్తాల తాన కూసో, బిల్లు లేకుండ నడిచే జీరో దందల చిట్టీ ఎట్ల రాస్తరో, దాన్ని యాడ దాస్తరో అడుగు. మొదలు కసురుకుంటరు, తర్వాత వాళ్లే ఆపరు. పార్టీ ఒక్కటి ఉంచుకో, అదీ ఆ అకౌంటెంట్ గేటు బయట ఫైలు పట్టుకొని నిలవడ్డప్పుడు ఎంత కనవడ్తదో అంతే.

తిరగరాసి ఉగాదిలోపల పంపు. ఈసారి టైపు కొట్టించు, నీ చేతిరాతకు నా కండ్లు ఆగుతలేవు.

నీ అన్న