ప్రార్థన చీటీలో రాయని సంగతి

ప్రశ్న: మాది జమ్మలమడుగు. మా బాబు ఫాస్ట్ బౌలర్. రెండేళ్ల కిందట ఒకాయన మాట విని, వాడి వయసు రెండేళ్లు తగ్గించి కొత్త బర్త్ సర్టిఫికెట్ తీయించాం. ఇప్పుడు వాడికి పదహారు దాటినాయి, కాగితంలో పద్నాలుగే. అండర్-16కు ఎముకల పరీక్ష చేస్తారంట. ‘అందరూ చేసేదే’ అంటాడు మా ఆయన. బాబు మూడు నెలలుగా చర్చికొస్తాడు గానీ ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం (సంస్కారం) తీసుకోడు. పరీక్ష గట్టెక్కాలని ప్రార్థన చీటీ రాసిచ్చినా. వాణ్ణి దారికి తెచ్చేదెట్లా?

జవాబు: అమ్మా, దారి తప్పింది బాబు కాదు. సంతకాలు పెట్టింది మీరిద్దరూ, మోస్తున్నది వాడు. బల్ల దగ్గరికి రాకుండా వెనక బెంచీలో కూర్చుంటున్నాడంటే వాడి మనస్సాక్షి బతికే ఉంది. బలవంతపెట్టకండి.

ముందు ఆటగా చూద్దాం. బీసీసీఐ వాడే టీడబ్ల్యూ3 పరీక్షలో ఎడమ చేతికి, మణికట్టుకు ఎక్స్‌రే తీసి, ఎముకల చివర పెరిగే భాగాలు ఎంతవరకు మూసుకున్నాయో చూస్తారు. అది పుట్టినరోజు చెప్పదు, ఎముక వయసు అంచనా కడుతుంది. రెండేళ్ల తేడా అక్కడ దాగడం కష్టం. 2020లో తమంతట తాము ఒప్పుకున్నవాళ్లను శిక్షించబోమని, దాచి దొరికితే రెండేళ్ల నిషేధమని బోర్డు ప్రకటించింది. ఆ వెసులుబాటు గడువు అప్పుడే తీరింది. ఇప్పుడూ వదిలేస్తారని హామీ ఇవ్వలేను. అయినా ఎక్స్‌రేకి ముందు చెప్పడం వేరు, దొరికాక చెప్పడం వేరు.

ఇంకో నష్టం కూడా ఉంది. పద్నాలుగేళ్ల పిల్లలు వీడి పొడవుకీ వేగానికీ భయపడే వికెట్లు ఇచ్చేస్తారు. లెంగ్త్, స్వింగ్ నేర్చుకోవాల్సిన అవసరమే రాదు. సమవయస్కులు ఎదురైన రోజు చేతిలో ఏమీ ఉండదు. నిజం వయసుకు వాడికి అండర్-19 ఎట్లాగూ ఉంది.

చేయాల్సింది చెప్తా. ఈ రాత్రే మీరిద్దరూ వాడి ముందు ‘తప్పు మాది’ అనండి. మీ ఆయన నోటితో అనడం ముఖ్యం. ‘అందరూ చేసేదే’ అంటే, జట్టులో చోటు పోగొట్టుకున్న పిల్లాడి తండ్రి ముందు ఆ మాట అనగలరా అని అడగండి. తర్వాత ఆసుపత్రి కాగితం, మొదటి బర్త్ సర్టిఫికెట్, బడి అడ్మిషన్ రిజిస్టరు నకలు తీసుకోండి. చంటిబిడ్డగా బాప్తిస్మం ఇప్పించి ఉంటే గుడి రిజిస్టరులోనూ అసలు తేదీ ఉంటుంది. మీరు చీటీ వేసిన ఆ గుడి బీరువాలోనే! 1969 జనన మరణాల చట్టం 15వ సెక్షన్ కింద తప్పు నమోదును రిజిస్ట్రారు సరిదిద్దవచ్చు. అయితే తప్పుడు సర్టిఫికెట్ నేరం కాబట్టి, ఎక్కడా రాసివ్వకముందే ఒక లాయరును కలవండి. ఆధార్‌లో పుట్టిన తేదీ మామూలుగా ఒక్కసారే మారుస్తారు. అప్పట్లో మార్చి ఉంటే అదీ లాయరుకు చెప్పండి. ఆ తర్వాత జిల్లా క్రికెట్ సంఘానికి ఉత్తరం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

పాస్టరు అయ్యగారికి అసలు సంగతి చెప్పి ఆ చీటీ వెనక్కి తీసుకోండి. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో నియమం తప్పిన జెట్టికి, అంటే పోటీలో పోరాడేవాడికి, కిరీటం లేదంటాడు (2:5). అయ్యగారు దాన్ని బాబుకు కాదు, మీ ఇద్దరికి వివరించాలి. సంస్కారానికి ఎప్పుడు రావాలో వాడే తేల్చుకుంటాడు.

నిషేధం పడితే పడనీండి, నెట్స్ మాత్రం మాన్పించకండి. ఆ సీజనంతా తన ఈడు వాళ్లకు, తనకంటే పెద్దవాళ్లకు బౌలింగ్ చేయనీండి.